పాత బండి, పెద్ద గన్, మధ్యలో నలుగురు

ఫోన్‌లో ట్యాంకుల గేమ్ ఆడేవాళ్ళకి ఈ బండ్లు బాగా తెలుసు. చూడ్డానికి ట్యాంకులాగే ఉంటాయి, కానీ పైన గిర్రున తిరిగే టరెట్ ఉండదు. బండి చిన్నది, గన్ మాత్రం ఇంత పొడుగు. పక్క నుంచి శత్రువు వస్తే గన్ ఒక్కటే తిప్పితే సరిపోదు, బండి మొత్తాన్నీ తిప్పుకోవాలి. మా షెడ్‌లో వెల్డింగ్ చేసే కుర్రాడు మధ్యాహ్నం క్యారేజీ తినగానే ఈ గేమ్‌లో పడతాడు. ఒకరోజు నన్నడిగాడు: "అన్నా, వీటికి టరెట్ ఎందుకు పెట్టలేదన్నా? ఇనుము చాల్లేదా?"

నవ్వొచ్చింది గానీ, వాడి ప్రశ్నలో సగం జవాబు ఉంది. చాలనిది ఇనుము ఒక్కటే కాదు. టైమ్ చాల్లేదు, చోటు చాల్లేదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు డ్రాయింగులు గీస్తాను. మా దగ్గరికి వట్టి ఛాసిస్ వస్తుంది: ఇంజను, చక్రాలు, స్టీరింగు, రెండు పొడవాటి ఇనప దూలాలు. దానిమీద క్యాబిన్ కట్టి, వెనక ఓనరు అడిగిన బాడీ కట్టడం మా పని. అందుకే ఈ యుద్ధం బండ్ల ఫొటోలు చూస్తే నాకు మూడే ప్రశ్నలు వస్తాయి. ఛాసిస్ ఎంత మోస్తుంది? బరువు ఎక్కడ పడుతుంది? మనిషి ఎక్కడ కూర్చుంటాడు? నాలుగేళ్ళుగా ఈ మూడు ప్రశ్నలతోనే రెండో ప్రపంచ యుద్ధం నాటి బండ్ల గురించి చదువుతున్నాను. మొదటి రెండింటికీ డిజైనర్లు ఎప్పుడూ ఏదో ఒక జవాబు కనిపెట్టారు. మూడో దాని దగ్గరే సర్దుకుపొమ్మన్నారు.

అసలు చిక్కు రింగు దగ్గర

ట్యాంకు పైకప్పులో ఒక గుండ్రటి కంత ఉంటుంది. టరెట్ తిరిగేది దాని చుట్టూ ఉన్న రింగు మీదే. ఎంత పెద్ద గన్ పెట్టొచ్చో తేల్చే వాటిలో ఈ రింగు ముఖ్యం. గన్ పేలగానే వెనక్కి తన్నుతుంది, దానికి చోటు కావాలి. గుండు ఎత్తి పెట్టే మనిషికి మోచెయ్యి ఆడాలి. రింగు వెడల్పు చెయ్యాలంటే ట్యాంకు ఒళ్ళే వెడల్పు చెయ్యాలి. అంటే అది కొత్త ట్యాంకు కిందే లెక్క. ఫ్యాక్టరీలో అచ్చులన్నీ మార్చాలి. యుద్ధం నడుస్తుంటే అంత తీరిక ఎవరికుంది?

1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద దండెత్తింది. అక్కడ టి-34, కెవి-1 ట్యాంకులు ఎదురయ్యాయి. జర్మన్ల 37 మిల్లీమీటర్ల గన్ గుండ్లు వాటిమీద పడి ఎగిరిపోయేవి. ఆ గన్‌కి జర్మన్ సైనికులే 'తలుపు తట్టేది' అని పేరు పెట్టారు. తట్టడమే తప్ప లోపలికి పోదన్నమాట!

పొడవాటి గొట్టం ఉన్న 75 మిల్లీమీటర్ల గన్ కావాలి. పాంజర్-3 ట్యాంకు టరెట్‌లో అది పట్టదు. అప్పటికే అదే ఛాసిస్ మీద, టరెట్ లేకుండా, పదాతి దళానికి సాయంగా ఉండే స్టూగ్-3 అనే బండి ఉంది. దాని కదలని పెట్టెలో 1942లో పొడవాటి గన్ దూర్చారు. అంతే, అది ట్యాంకుల్ని వేటాడే బండి అయిపోయింది. ఎత్తు రెండు మీటర్ల పైచిలుకు, పొదల్లో దాక్కుంటే కనపడదు. యుద్ధం ముగిసేలోపు ఈ రకం బండ్లు సుమారు 10,000 తయారయ్యాయి. టరెట్ వదులుకున్నారు, గన్ సంపాదించారు. బేరం బాగానే కుదిరింది.

కప్పు లేని ఇల్లు

అన్ని బేరాలూ ఇలా కుదరలేదు. చెక్ దేశపు 38టి అనే తేలిక ట్యాంకు సంగతి చూడండి. 1939లో జర్మనీ ఆ ప్రాంతాన్ని ఆక్రమించుకుని, ఫ్యాక్టరీతో సహా లాగేసుకుంది. 1942కి ఆ ట్యాంకు పాతబడింది. మరోపక్క సోవియట్ సైన్యం నుంచి పట్టుకున్న 76.2 మిల్లీమీటర్ల గన్‌లు పడున్నాయి. వాటిని తమ గుండ్లు పట్టేలా తొలిచి, 38టి ఛాసిస్ మీద బిగించారు. అదే మార్డర్-3. ఆక్రమించిన దేశం బండి, శత్రువు దగ్గర పట్టుకున్న గన్!

గన్ దెబ్బకి టి-34 ఆగింది. సరే, మనుషుల మాటేంటి? గన్ బండి నెత్తిమీద కూర్చుంది, దాని వెనక సిబ్బంది. మొత్తం ఎత్తు రెండున్నర మీటర్లు. ముందూ పక్కలా పల్చటి ప్లేట్లు, చాలాచోట్ల 10, 15 మిల్లీమీటర్ల మందం. తుపాకి తూటాని ఆపుతాయి, ట్యాంకు గుండుని ఆపలేవు. పైన కప్పే లేదు. మోర్టార్ గుండు నేరుగా ఒళ్ళో పడొచ్చు. రష్యా చలికాలంలో వీళ్ళకి దిక్కు ఒక టార్పాలిన్.

ఇది జర్మన్ల తెలివితక్కువ అనుకుంటారేమో. అవతలి వైపు సోవియట్లూ ఇదే చేశారు. టి-70 అనే చిన్న ట్యాంకు ఛాసిస్‌ని కాస్త సాగదీసి, ఒక జత చక్రాలు ఎక్కువ వేసి, వెనక 76 మిల్లీమీటర్ల గన్ పెట్టారు. అదే ఎస్‌యూ-76. మొదట్లో రెండు ఇంజన్లని పక్కపక్కన పెడితే, రెండూ ఒక లయలో నడవక గేర్‌బాక్సులు పాడయ్యాయి. తర్వాత ఒకదాని వెనక ఒకటి పెట్టారు, బండి కుదురుకుంది. మొత్తం సుమారు 14,000 కట్టారు. దానికీ పైన కప్పు లేదు. సైనికులు దానికి పెట్టిన ముద్దుపేర్లు ఇక్కడ రాసేలా లేవు.

కప్పు లేకపోవడంలో లాభమూ ఉంది. గన్ పొగ లోపల నిలవదు. పక్కనే నడిచే సైనికులతో అరిచి మాట్లాడొచ్చు. బండి అంటుకుంటే ఒక్క గెంతులో బయటపడొచ్చు. కానీ ఆ గెంతే అవకాశం డ్రైవరుకి అంతగా లేదు. అతను ముందు అరలో, ఇంజన్ల పక్కనే కూర్చోవాలి.

ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన లారీ డ్రైవరు. పాత లారీల్లో ఇంజను సగం క్యాబిన్‌లోనే ఉండేది, డ్రైవరు ఎడమ కాలికి ఆనుకుని. మే నెలలో తడి గోనెసంచి దాని మీద పరిచేవాడు, పది నిమిషాల్లో ఆరిపోయేది. పిక్క మీద చర్మం ఎప్పుడూ కమిలే ఉండేది. మన దేశంలో కొత్తగా తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది 2025లో. యుద్ధం లేకపోయినా ఇంత కాలం పట్టింది.

వీపు చూపించే గన్

బ్రిటిష్ వాళ్ళది ఇంకో తమాషా. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో వాళ్ళకి కదిలే ఫిరంగులు అర్జంటుగా కావాల్సి వచ్చాయి. వాలెంటైన్ ట్యాంకు మీద ఎత్తయిన ఇనప పెట్టె కట్టి అందులో 25 పౌండర్ పెట్టారు, పేరు బిషప్. ఆ పెట్టెలో గన్ మూతి 15 డిగ్రీలకి మించి లేవదు. ఫిరంగి మూతి లేస్తేనే కదా గుండు దూరం పోయేది! నేలమీద 12 కిలోమీటర్లు కొట్టే గన్, బండెక్కాక ఆరు కిలోమీటర్లు కూడా కొట్టలేకపోయింది. సిబ్బంది ఏం చేశారో తెలుసా? పారలు తీసుకుని మట్టి దిబ్బలు పోసి, బండిని వాటిమీదకి ఎక్కించి మూతి లేపారు. డ్రాయింగ్‌లో తగ్గిన డిగ్రీలు సైనికుల నడుముల మీద పడ్డాయి. తర్వాత కెనడాలో కట్టిన సెక్స్‌టన్ ఈ లోటు తీర్చింది. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యం కూడా దాన్ని వాడింది.

అదే వాలెంటైన్ మీద ఇంకా పొడవైన 17 పౌండర్ పెట్టాలనుకున్నారు. ముందుకి పెడితే గొట్టం మరీ బయటికి పొడుచుకొస్తుంది. అందుకని గన్‌ని వెనక్కి తిప్పి పెట్టారు! ఆర్చర్ బండి శత్రువుకి వీపు పెట్టి కాలుస్తుంది, కాల్చాక తిరగకుండానే పారిపోతుంది. నాకు భలే నచ్చిన ఐడియా. కానీ గన్ వెనక్కి తన్నే చోటు సరిగ్గా డ్రైవరు సీటు దగ్గర. కాల్చేటప్పుడు అతను అక్కడినుంచి లేచిపోవాలి.

దుప్పటంత మందం ఉన్నా

అయితే మందంగా కట్టేస్తే సరి అనిపిస్తుంది. అదీ చేశారు. టైగర్ ట్యాంకు పోటీలో పోర్షే డిజైన్ ఓడిపోయింది. అప్పటికే కట్టేసిన ఛాసిస్‌లు 90 దాకా మిగిలాయి. వాటిమీద 88 మిల్లీమీటర్ల గన్, ముందువైపు 200 మిల్లీమీటర్ల ఉక్కు పెట్టి ఫెర్డినాండ్ చేశారు. బరువు 65 టన్నులు. గన్ పెట్టెని వెనక్కి జరిపి, ఇంజన్లని మధ్యలోకి తెచ్చారు. దాంతో డ్రైవరు, రేడియో మనిషి ముందు గదిలో, మిగతా నలుగురు వెనక గదిలో. మధ్యలో ఇంజన్లు. ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరు పాక్కుంటూ వెళ్ళి చూసే దారి లేదు. పైగా 1943 జూలైలో కుర్స్క్ యుద్ధానికి వెళ్ళినప్పుడు, దగ్గరికొచ్చే సైనికుల్ని ఆపడానికి బండికి మెషిన్‌గన్ బిగించి లేదు. ఆ తర్వాతే పెట్టారు.

1944లో వచ్చిన హెట్జర్‌లో పాత పాఠాలన్నీ కనిపిస్తాయి. 38టి వంశమే, కానీ పొట్టిగా, 60 మిల్లీమీటర్ల ఏటవాలు ముందు ప్లేటుతో, పైన కప్పుతో. బొమ్మ చూస్తే ముచ్చటేస్తుంది. లోపల చూడండి. గన్ కుడివైపుకి జరిగింది. ముగ్గురు ఎడమవైపు ఒకరి వెనక ఒకరు, కమాండర్ ఒక్కడే కుడి మూల వెనక. ఆ గన్‌కి గుండు కుడివైపు నుంచి పెట్టాలి. పెట్టే మనిషి కూర్చుంది ఎడమవైపు! ప్రతి గుండుకీ గన్ మీదుగా చెయ్యి చాపాలి.

యుద్ధం అయిపోయినా సూత్రం పోలేదు. మన దేశంలోనే ఆవడిలో తయారైన విజయంత ట్యాంకు ఛాసిస్‌ని పొడిగించి, సోవియట్ 130 మిల్లీమీటర్ల గన్ ఎక్కించి 'కాటపుల్ట్' చేశారు. ఇప్పుడు ఉక్రెయిన్‌లో పాత కవచ వాహనాల మీద 100 మిల్లీమీటర్ల గన్‌లు బిగించి వాడుతున్నారు. తొందర ఉన్నచోట ఎవరైనా ఇదే చేస్తారు. నేనూ తప్పు పట్టను. టరెట్ తియ్యకపోతే ఆ గన్ సమయానికి అక్కడికి చేరేది కాదు. నాకు పట్టింపు ఒక్కటే: లెక్క తక్కువైన ప్రతిసారీ ఆ తేడా లోపల కూర్చునేవాడి ఖాతాలో రాశారు. గన్‌కి ఒక్క అంగుళం తగ్గించలేదు.

పోయిన నెల ఒక ఓనరు వచ్చాడు. క్యాబిన్ వెనక గోడని తొమ్మిది అంగుళాలు ముందుకి జరపమన్నాడు, లోడు బాడీ ఆ మేరకు పెరుగుతుందని. అలా జరిపితే క్లీనరు పడుకునే చెక్క పోతుందని చెప్పాను. "వాడికేంటండీ, కూర్చుని నిద్రపోతాడు" అన్నాడు. గంటన్నర వాదించాను. చివరికి నాలుగున్నర అంగుళాల దగ్గర ఆగాం. చెక్క మిగిలింది, కాస్త సన్నబడింది. ఆ క్లీనరు ఎవరో నేను చూడలేదు. ఐదున్నర అడుగులు దాటితే మాత్రం మోకాళ్ళు ముడుచుకునే పడుకోవాలి.