కుండీలు లేచిపోయిన ఏడాది

మున్సిపాలిటీలు ఏటా ప్రగతి నివేదిక వేస్తాయి. ఎన్ని మీటర్ల సీసీ రోడ్డు పోశారు, ఎన్ని మోరీలు కట్టారు, ఎన్ని దీపాలు పెట్టారు అని వార్డుల వారీగా లెక్క ఉంటుంది. పెళ్లయి సూర్యాపేటకు వచ్చినప్పటి నుంచి అలాంటి లెక్కలు చాలా విన్నాను. ఆ రోడ్ల మీదే నడుస్తున్నాం, ఆ దీపాల వెలుగులోనే పిల్లలు ట్యూషన్ల నుంచి ఇంటికొచ్చారు. అయినా నా కళ్లముందు మా ఊరికి జరిగిన అతి పెద్ద మేలు ఏదని అడిగితే, 2003 ప్రాంతంలో వీధుల్లోని చెత్త కుండీలు తీసెయ్యడమే అంటాను.

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రహదారి మీద ఉన్న ఊరు మాది. అప్పటికే దాదాపు లక్ష జనాభా. మా సందు మలుపులో సిమెంటు వరలతో కట్టిన కుండీ ఒకటి ఉండేది. చెత్త అందులో పడేది తక్కువ, చుట్టూ పడేది ఎక్కువ. పందులు లాగేవి, ఆవులు సంచులతో సహా నమిలేవి, వానొస్తే అదంతా కొట్టుకొచ్చి మోరీకి అడ్డం పడేది. కుండీ పక్కింట్లోకి కిరాయికి ఎవరొచ్చినా నాలుగు నెలలకు మించి ఉండేవాళ్లు కాదు. పిల్లలు బడికి పోయేటప్పుడు ముక్కు మూసుకుని ఆ మలుపు దాటేవాళ్లు.

చెత్త గురించి అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన కేసు ఫలితంగా 2000లో దేశానికంతటికీ నియమాలు వచ్చాయి. ఇంటింటా సేకరించాలి, తడి పొడి వేరు చేయించాలి, తడి చెత్తను ఎరువుగా మార్చాలి. చెత్తను శుద్ధి చేసే ఏర్పాట్లకు 2003 డిసెంబరు 31 దాకా గడువు. జాగా లేదని, నిధులు లేవని దేశంలో ఎన్నో ఊళ్లు అప్పుడు చేతులెత్తేశాయి. మా ఊళ్లో మాత్రం మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ.ఖాదర్ గారు ఆ పనిని తలకెత్తుకున్నారు. ఉన్న మనుషులతో, ఉన్న బండ్లతో మొదలుపెట్టారు.

నేను అప్పుడు మా వీధి పొదుపు సంఘంలో ఉన్నాను. ప్రతి ఇంటికీ వెళ్లి రెండు బుట్టల సంగతి చెప్పే పని మా ఆడవాళ్ల మీద పడింది. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పూజ పూలు ఒకదాంట్లో. కాగితాలు, సంచులు, సీసాలు ఇంకోదాంట్లో. చెప్పడం తేలికే, ఒప్పించడమే కష్టం. ఒక పెద్దమ్మ గడపలోనే నిలదీసింది.

"ఇంటి పన్ను కడ్తలేమా బిడ్డా? ఇగ చెత్త ఏరుడు గూడ మేమే చెయ్యాల్నా?"

అడగాల్సిన మాటే అది. "మనం ఏరకుంటే ఆ బండిమీదొచ్చే ఆడపిల్ల ఏరాలె పెద్దమ్మా. కుళ్లిన అన్నంల చెయ్యి పెడితే గాజు పెంకులు గుచ్చుకుంటున్నయ్" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. మర్నాడు ఆ ఇంటి ముందు పాత రంగు డబ్బా ఒకటి, పగిలిన ప్లాస్టిక్ బకెట్టు ఒకటి పక్కపక్కనే కనబడ్డాయి. పగిలిన గాజును విడిగా కాగితంలో చుట్టి పెట్టింది. తర్వాత మా కంటే ఎక్కువగా పక్కింటివాళ్లకు చెప్పింది ఆమే.

పొద్దున్నే ఈల వినబడేది. ఈల వినగానే పొయ్యి మీద పాలున్నా దించి బయటికి పరుగెత్తేవాళ్లం. బండివాళ్లు బుట్టలో చూసి, కలిపి తెస్తే తిప్పి ఇచ్చేవాళ్లు. మొదట్లో దాని మీద గొడవలయ్యాయి. కౌన్సిలర్ల దాకా పోయిన పంచాయితీలూ ఉన్నాయి. బండి ఒక్కరోజు తప్పినా జనం పాత మలుపుకే పోతారు కాబట్టి, రోజూ అదే వేళకు రావడం మీదే మొత్తం పని నిలబడింది. బండి వస్తుందన్న నమ్మకం కుదిరాకే కుండీని పగలగొట్టి తీసుకుపోయారు. కొన్నాళ్లు సందు చివర మున్సిపాలిటీ జవాను కాపలా నిలబడ్డాడు. ఎదురింటి కోడలు కుండీ ఉన్న చోట పేడనీళ్లు చల్లి ముగ్గు వేసింది. ముగ్గు మీద చెత్త పొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

మా సంఘం వాళ్లం ఎరువు చేసే చోటుకి ఒకసారి వెళ్లాం. ఊళ్లోనే, అర ఎకరం జాగా. వాసనకు సిద్ధపడి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్తే అక్కడ తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు. వచ్చిన తడి చెత్తను పేడనీళ్లతో కలిపి కొన్ని వారాలు మగ్గనిస్తారు. మగ్గేటప్పుడు పుట్టే వేడి తగ్గాకే వానపాములను వదులుతారు, ముందే వదిలితే చచ్చిపోతాయి. పైన తడి గోనెసంచులు కప్పుతారు. అక్కడి పనామె ఒక సంచి ఎత్తి చూపించింది. సన్నటి ఎర్రటి పాములు వెలుగు తగలగానే లోపలికి జారుకున్నాయి. నెలన్నర దాటాక జల్లెడ పడితే కింద పడింది టీ పొడిలా ఉంది. గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. ఎక్కడా తొక్క ఆనవాలు లేదు. ఒక ప్లాస్టిక్ ముక్క కనబడితే గోటితో తీసి పక్కన పడేసి, "ఇదొక్కటి రాకుంట జూస్తె సాలక్కా" అంది. పదిమంది ఉపన్యాసాలు ఇచ్చినా అంత బాగా తలకెక్కేది కాదు.

పొడి చెత్తను రకాలుగా వేరుచేసి అమ్మేవాళ్లు, ఎరువును కూడా అమ్మేవాళ్లు. పారబోయడానికే ఖర్చయ్యే సరుకు మీద మున్సిపాలిటీకి రాబడి మొదలైంది. వేరే రాష్ట్రాల నుంచి కూడా అధికారులు చూడడానికి వచ్చారు. చెత్త పేరుతో మా ఊరికి మంచి పేరు రావడం మాకు గర్వంగా ఉండేది.

ఆ తర్వాత చాలా వచ్చాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. 2016లో చెత్తకు కొత్త నియమాలు వచ్చాయి, ఆ ఏడే మా ఊరు జిల్లా కేంద్రమైంది. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన ఉమ్మడి నల్లగొండ వాళ్లం కాబట్టి, మిషన్ భగీరథ నల్లా నీళ్ల విలువ మాకు ఒకరు చెప్పక్కర్లేదు. 2020 ఫిబ్రవరి 24 నుంచి పదిరోజులు రాష్ట్రమంతా పట్టణ ప్రగతి జరిగింది. వార్డు కమిటీల్లో కూర్చున్నాం, మొక్కలు నాటాం. ఇవన్నీ కావలసినవే. అయితే నీళ్లు పొయ్యకుండా మొక్క బతకదు, పొద్దున్నే పూడిక తియ్యకుండా మోరీ పారదు. మా వీధిలోనే, ముగ్గు వెయ్యడం మానేసిన మూలకు ఎవరో ఒక సంచి తెచ్చి పెడితే, సాయంత్రానికి అక్కడ పది సంచులయ్యాయి. మళ్లీ నలుగురం కలిసి గడప గడపకూ వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

ఇన్నేళ్లలో నేను చూసింది ఒక్కటే. రోడ్డు ఒకసారి వేస్తే కొన్నేళ్లుంటుంది. శుభ్రత మాత్రం ఒక్కరోజే ఉంటుంది, మర్నాడు మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సిందే. అది చేసేది పేరు రాయని మనుషులు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

అందుకే ఏ ఊరి నివేదికలోనైనా ఇంకొక పేజీ ఉండాలని నా కోరిక. ఏడాదిలో ఎన్ని రోజులు బండి ప్రతి వీధికీ వచ్చింది, ఎన్ని ఇళ్లు తడి పొడి వేరుచేసి ఇచ్చాయి, పారిశుద్ధ్య కార్మికులకు ఎన్ని నెలలు జీతం వేళకు అందింది, చేతి తొడుగులు ఎన్నిసార్లు ఇచ్చారు అన్నది అందులో రాయాలి. వార్డు సభలో ముందుగా ఆ పేజీనే చదివి వినిపించాలి, దాని మీద అడిగే హక్కు ప్రతి ఇంటికీ ఉండాలి. కొత్తగా కట్టినవాటి లెక్క ఆ తర్వాత చదివినా ఊరికి నష్టం లేదు.