మునుంలో వెనకబడిన మనిషి

కంబదూరు మండలంలో ఒక ఆరోగ్య ఉపకేంద్రాన్ని చూసి రాయమని సంపాదకుల మాట. భవనం గురించి, గోడమీది పోస్టర్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడ వినిపించే ఒక ప్రశ్న గురించే రాయాలి. కోవిడో న్యుమోనియానో క్షయో తగ్గి ఇల్లు చేరిన మనిషిని ఏఎన్ఎం "జ్వరం, దగ్గు తగ్గినాయా?" అని అడుగుతుంది. "తగ్గినాయిలే మేడమ్" అని జవాబు. రిజిస్టర్‌లో టిక్కు పడుతుంది. గడప దాటాక అదే మనిషి తోటి కూలీతో చెప్పే మాట వేరు: "మునుంలో అందరూ ముందరికి పోతాండారు, నాకే ఆయాసమొచ్చి కూలబడతాండా." (మునుం అంటే చేలో కూలీలు ఒక వరసగా పని చేస్తూ ముందుకు సాగడం.) వైద్యానికి పనికొచ్చే సమాచారం ఈ రెండో మాటలోనే ఉంది. రిజిస్టర్‌లోకి ఎక్కేది మాత్రం మొదటి మాట.

ఇది పల్లె మాటను నెత్తిన పెట్టుకోవడం కాదు. ఆయాసాన్ని కొలవడానికి డాక్టర్లు నేడు వాడే మెట్ల పద్ధతి, బొగ్గుగని కార్మికుల ఊపిరితిత్తులను పరిశీలించిన బ్రిటన్ వైద్యుల పని నుంచి పుట్టింది. 0 నుంచి 4 దాకా అయిదు మెట్లు. గట్టి పని చేస్తేనే ఆయాసం వచ్చేది 0. బట్టలు మార్చుకున్నా వచ్చేది 4. సమతలం మీద తన ఈడు వాళ్లకంటే వెనకబడేది, తన నడక తాను నడిచినా మధ్యలో ఆగేది 2. శెనిక్కాయ చేలో కలుపు తీసే మునుం ఈ 2 అంకె మెట్టుకు దగ్గరి కొలతే: ఒకే ఈడు వాళ్లు, ఒకే నేల, ఒకే పని. పైగా నిదానంగా నడిచి ఆయాసాన్ని కప్పిపుచ్చుకోవచ్చు గానీ, సాలులో వెనకబడితే నలుగురికీ కనిపిస్తుంది. కాబట్టి "తగ్గిందా?" అనే ప్రశ్న మాని, "మునుంలో అందరితో సమానంగా పోగలవా? బిందె మోస్తూ ఎన్నిసార్లు దించుతావు?" అని అడగాలి.

ఈ ప్రాంతంలో పొయ్యి పొగ, బీడీ, రక్తహీనత, గుండె జబ్బు అన్నీ ఆయాసం తెచ్చేవే, పాత జబ్బు తాలూకుదని ఎట్లా తేలుస్తారు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన కోవిడ్ అనంతర సమస్య నిర్వచనంలోనూ ఆ జాగ్రత్త ఉంది: సాధారణంగా జబ్బు మొదలైన 3 నెలలకు కనిపించాలి, కనీసం 2 నెలలు ఉండాలి, వేరే కారణంతో వివరించగలిగేది కాకూడదు. వేరే కారణాన్ని వెతకాలంటే ముందు ఆయాసం ఉందని తెలియాలి కదా! అడిగితేనే హిమోగ్లోబిన్ చూస్తారు, రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్షకు పంపుతారు. టిక్కు పెట్టి పంపేస్తే రక్తహీనతా దొరకదు, క్షయా దొరకదు.

ఊపిరి పరీక్ష యంత్రం ఉపకేంద్రంలో ఎక్కడిది అనేది ఇంకో అభ్యంతరం. చేతుల్లేని కుర్చీ, ఒక ఆక్సిమీటర్ చాలు. ఒక నిమిషంలో చేతుల ఆసరా లేకుండా ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కించి, ముందూ వెనకా వేలికి ఆక్సిమీటర్ పెట్టాలి. రక్తంలో ఆక్సిజన్ అంకె 4 పాయింట్లో అంతకు మించో పడిపోతే డాక్టరు దగ్గరికి పంపాలి. (కూర్చున్నప్పుడే ఆక్సిజన్ తక్కువున్నా, ఛాతీలో నొప్పున్నా కుర్చీ పరీక్ష జోలికి పోకూడదు, నేరుగా ఆసుపత్రే.) నల్లని చర్మం మీద ఆక్సిమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపే ప్రమాదం ఉందని 2020 చివర్లో అమెరికా వైద్యులు చూపించారు. అందుకే 95 కనబడిందని ధీమా పడకుండా, అదే మనిషిలో అది ఎంత దిగిందో చూడటం మేలు.

ఏఎన్ఎంలకు తీరికేదీ అనే మాటను మాత్రం కొట్టిపారేయలేం. యాప్‌లలో నింపాల్సినవి వాళ్ల పనిదినాన్ని మింగేస్తున్నాయి. అయితే ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. మునుం ప్రశ్నకు తడబడిన వాళ్లకు చాలు. ఆ ప్రశ్న అడగడానికి సందర్భమూ ఉంది: క్షయ మందులు ముగిసినవాళ్లను 6, 12, 18, 24 నెలలకు మళ్లీ చూడాలని జాతీయ క్షయ కార్యక్రమమే చెబుతోంది. అప్పటికి ఆ మనిషి ఊళ్లో ఉంటే కదా! వానలు మొహం చాటేసిన ఏడు కంబదూరు వైపు కూలీలు బెంగళూరు బస్సెక్కుతారు. మెట్టు అంకె, కుర్చీ లెక్క, తేదీ ఒక చీటీ మీద రాసి చేతికిస్తే, అక్కడి డాక్టరుకు పోల్చి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. రిజిస్టర్‌లోని టిక్కు బస్సెక్కదు.