కింద దూరి చూడాల్సిన ఇల్లు

ఇండియానా రాష్ట్రం ఉత్తరపు అంచున ఉన్న ఎల్క్‌హార్ట్ అమెరికా చక్రాల ఇళ్లకు పుట్టిల్లు. ఆర్వీలని పిలిచే ఈ ఇళ్లలో, ఆ దేశంలో అమ్ముడయ్యేవాటిలో సింహభాగం ఈ ఊళ్లోనూ, చుట్టుపక్కల మిడిల్‌బరీ, గోషెన్ లాంటి ఊళ్లలోనూ తయారవుతాయి. రోడ్డుకి అటూ ఇటూ రేకుల షెడ్లు, వాటి ముందు బారులు తీరిన కొత్త ట్రైలర్లు, మధ్యమధ్య పాతకాలపు జీవనాన్ని వదలని ఆమిష్ మతస్థుల గుర్రపు బగ్గీలు. టోల్ రోడ్డు దగ్గరున్న ఆర్వీ మ్యూజియంలో 1913 నాటి ఎర్ల్ ట్రైలర్ ఉంది. పాత ఫోర్డ్ మోడల్ టి కారు లాగగలిగినంత చిన్న గది అది. ఇవాళ ఈ షెడ్లలోంచి బయటికొచ్చే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ నలభై అడుగుల పొడవుండొచ్చు, సామానంతా సర్దాక ఏడు టన్నులు దాటొచ్చు. పికప్ ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసుకి కాస్త అటూఇటూగా బిగించిన కప్లింగ్ మీద దాని ముందుభాగం కూర్చుంటుంది. కట్టే షెడ్లూ అమ్మే డీలర్ల స్థలాలూ చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే. ఈ బండి నాణ్యత అంటే మోయాల్సిన బరువుకీ మోయగలిగిన బరువుకీ మధ్య మిగిలే తేడా. సోఫాలు, ఫైర్‌ప్లేసు, వంటగట్టు చూసి ఆ తేడా చెప్పలేం. నేలకి కింద వెతకాలి.

షెడ్లో పని వరస చూస్తే కొనేవాడికి అది ఎందుకు కనపడదో అర్థమవుతుంది. ఇరుసులు బిగించిన ఫ్రేము ముందు వస్తుంది. దాని మీద నేల, నేల మీద అల్మారాలు, తర్వాత గోడలు, చివర్న పైకప్పు. కింద ట్యాంకులూ పైపులూ అమర్చి నల్లటి ప్లాస్టిక్ షీటు కప్పేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టించుకునే యజమాని ముందు ఛాసిస్‌ని చూసుకుంటాడు, తర్వాతే బాడీ గురించి మాట్లాడతాడు. ఇక్కడ కొనేవాడికి రెండూ కలిపి, తలుపు తీసిన గదిగా చూపిస్తారు. పైగా బ్రాండు పేరు ఇందులో పెద్దగా సాయం చేయదు. పోటీపడే చాలా బ్రాండ్లకి ఫ్రేములు ఇచ్చేది ఎల్క్‌హార్ట్‌లోనే ఉన్న లిప్పర్ట్. ఇరుసులు లిప్పర్ట్‌వో, అదే ఊళ్లోని డెక్స్టర్‌వో అయివుంటాయి. ఒకే ఫ్రేముల సరఫరాదారు దగ్గర గట్టి ఫ్రేమూ ఉంటుంది, బొటాబొటీ ఫ్రేమూ ఉంటుంది. బండి కంపెనీ ఆ మోడల్‌కి ఏది ఆర్డరిచ్చిందన్నదే తేల్చుకోవాలి.

ఐ-బీము ఎత్తు 10 అంగుళాలా, 12 అంగుళాలా అని అడిగి చాలామంది ఆగిపోతారు. ఎత్తొక్కటే చాలదు. ఒకే ముక్కగా రోల్ చేసిన బీముకీ, మూడు పలకలు కలిపి వెల్డు చేసిన బీముకీ ఉక్కు మందంలో తేడా ఉండొచ్చు. పైపుల కోసం బీము నడుములో బెజ్జాలు ఎక్కడ కోశారు, కమాను కట్టలు వేలాడే బ్రాకెట్ల దగ్గర రెండు బీముల్నీ కలుపుతూ అడ్డపట్టీ ఉందా, వెల్డింగు వరస తెగకుండా సాగిందా అన్నవీ చూడాలి. అసలు గండం మాత్రం ముందుభాగంలో ఉంది. పడకగది కింద మెట్టులా పైకి లేచే ఆ చట్రానికే, ట్రక్కు కప్లింగ్‌లో కూర్చునే పిన్ ఉన్న పిన్ బాక్సు బిగిస్తారు. ట్రైలర్ బరువులో 15 నుంచి 25 శాతం దాకా అక్కడ ఆనుతుంది. ట్రక్కు లాగినా, బ్రేకు పడినా, గుంతలో దిగినా ఆ కుదుపంతా ఆ కీళ్లలోంచే వెళ్లాలి. చట్రం ఊగడం మొదలైతే ముందు తెలిసేది గోడల మీదే. ముందు క్యాపూ పక్క గోడా కలిసే చోట సీలెంటు చీలుతుంది, పడకగది తలుపు మూలల్లో పగుళ్లు వస్తాయి, ఫైబర్‌గ్లాసు పొంగుతుంది. దీనికో పరీక్ష ఉంది. ట్రైలర్ బ్రేకులు పట్టి ఉంచి, ట్రక్కుని మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఒక మనిషి పక్కన నిలబడి పిన్ బాక్సునే చూస్తుండాలి. పిన్ బాక్సూ దాని చుట్టూ ఉన్న గోడా ఒకటిగా కదలాలి. రెండిటి మధ్య సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఆ బండిని వదిలేయాల్సిందే.

ఇక సస్పెన్షన్. ఎక్కువ బండ్లలో ఉండేవి కమాను కట్టలే. రెండు ఇరుసుల మధ్య ఈక్వలైజర్ ఒకటి ఉండి, ముందు చక్రం గుంతలో పడితే ఆ బరువును వెనక చక్రానికి పంచుతుంది. ఇంతవరకూ ఏర్పాటు మంచిదే, అరుగుదల వచ్చేది చిన్న ముక్కల్లో. కమాను చివర బోల్టు దూరే కంట్లో చవకరకం ప్లాస్టిక్ బుష్ వేస్తే అది నలిగిపోతుంది, ఆపైన బోల్టు నేరుగా ఇనుముని తినడం మొదలుపెడుతుంది. కాస్త తిరిగిన పాత బండి కింద టార్చిలైటు వేసి చూస్తే, కమానుని ఈక్వలైజర్‌కి కలిపే షాకిల్ పట్టీలో గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటుంది, దాని చుట్టూ తుప్పు పొడి మెరుస్తుంటుంది. ఇత్తడిరంగు కంచు బుష్‌లు, గ్రీజు నిపుల్ ఉన్న బోల్టులు, అరంగుళం మందం షాకిల్ పట్టీలు వేసిన బండికి ఈ బాధ చాలా ఆలస్యంగా వస్తుంది. రబ్బరు టార్షన్ ఇరుసులు మెత్తగా నడుస్తాయి, కానీ వాటి మధ్య ఈక్వలైజర్ ఉండదు. ఇప్పటి ఎత్తు ట్రక్కులకు తగిలించి ట్రైలర్ ముక్కు పైకి లేస్తే బరువు వెనక ఇరుసు మీద పడుతుంది. అందుకే అలాంటి బండిని మీ ట్రక్కుకే తగిలించి, సమంగా నిలబడుతుందో లేదో చూడాలి. టైర్లలో లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే ఇరుసు వంగిందేమోనని అనుమానించాలి.

అంకెలు ఇంకా నిక్కచ్చిగా మాట్లాడతాయి. ట్రైలర్ ఎడమ పక్క ముందు సగంలో చట్టప్రకారం అంటించే లేబుల్ మీద మొత్తం బరువు పరిమితీ, ఒక్కో ఇరుసు పరిమితీ ఉంటాయి. మొత్తం పరిమితి 16,000 పౌండ్లు, అంటే సుమారు 7,260 కిలోలు అనుకుందాం. రెండు ఇరుసులూ చెరో 7,000 పౌండ్లవి, కలిపి 14,000. మిగతాది ట్రక్కు మోస్తుందని లెక్క. పిన్ మీద 20 శాతం పడితే 3,200 పోగా ఇరుసుల మీద 12,800 పడుతుంది, 1,200 పౌండ్లు మిగులుతాయి. సామాను వెనక్కి సర్ది పిన్ బరువు 15 శాతానికి దిగిందా, మిగిలేది 400 పౌండ్లే. పైగా వంటగదీ, బయటికి జరిగే గదీ (స్లయిడు) ఉన్న వైపు చక్రాలు ఎక్కువ మోస్తాయి కనక ఆ 400 కూడా నాలుగు చక్రాలకీ సమంగా దక్కదు. టైర్లదీ ఇదే కథ. 235/80 ఆర్16 కొలత, ఇ శ్రేణి ట్రైలర్ టైరు 80 పీఎస్ఐ గాలి దగ్గర మోసేది 3,520 పౌండ్లు. నాలుగూ కలిపి 14,080. ఆ 14,000 పౌండ్ల ఇరుసులకి ఇక ఊపిరాడే జాగా ఏదీ? అదే కొలతలో జి శ్రేణి టైరు 110 పీఎస్ఐ దగ్గర ఇంతకన్నా ఎక్కువ మోస్తుంది, అయితే రిమ్ము కూడా ఆ ఒత్తిడికి తగినదై ఉండాలి.

ప్రభుత్వ నిబంధనలుండగా, తలుపు పక్కన పరిశ్రమ సంఘం ముద్ర ఉండగా ఇంత తవ్వకం దేనికని అడగొచ్చు. ఆ ముద్ర ప్రధానంగా కరెంటు, గ్యాసు, నీళ్ల పైపులు, అగ్నిభద్రత గురించి చెబుతుంది. ముందు చట్రం ఎన్నేళ్లు ఊగకుండా నిలుస్తుందో అది చెప్పదు. ఉక్కు అన్నాక కొంత వంగుతుంది, వంగకపోతే విరుగుతుంది అనే మాట కంపెనీల వైపు నుంచి వినిపిస్తుంది. నిజమే. ఆ వంపు బీము పొడవునా పంచుకుపోతే సమస్య లేదు. ఒక్క వెల్డింగు దగ్గరే పోగుపడితే ఆ వెల్డింగు తెగుతుంది. బరువైన ఫ్రేము కోరితే సామానుకి మిగిలే పరిమితి తగ్గుతుంది, పెద్ద ట్రక్కూ కావాలి అన్న అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ఏడాదికి రెండు వారాలు దగ్గర్లోని పార్కుకి వెళ్లొచ్చే కుటుంబం దాన్ని కచ్చితంగా లెక్కలోకి తీసుకోవాలి, వాళ్లకి తేలికపాటి బండే సరిపోవచ్చు. రిటైరయ్యాక ఇదే ఇల్లుగా దేశమంతా తిరగాలనుకునేవారి సంగతి వేరు. ఏడాది పొడవునా అందులోనే కాపురముంటే చాలా కంపెనీల వారంటీ వర్తించదు కూడా.

లోపాలుంటే తర్వాత బాగుచేయించుకుందాం అనేవాళ్లకి సగమే సమాధానం దొరుకుతుంది. బుష్‌లు, షాకిళ్లు, టైర్లు, షాక్ అబ్జార్బర్లు, చివరికి ఇరుసులు కూడా మార్చుకోవచ్చు. ఎల్క్‌హార్ట్‌లోనే ఉన్న మోరైడ్ రబ్బరు ఈక్వలైజర్లూ ఇండిపెండెంట్ సస్పెన్షన్లూ తయారుచేస్తుంది. గోడలూ నేలా కప్పేసిన ఫ్రేమునీ ముందు చట్రాన్నీ మార్చాలంటే మాత్రం ఇల్లు విప్పాలి. కాబట్టి బేరంలో పట్టుబట్టాల్సింది ఫ్రేము దగ్గర, సస్పెన్షన్ దగ్గర కాస్త సర్దుకోవచ్చు. అమెరికాలోని మనవాళ్లలో ఈ బండి కొనే ఆలోచన ఉన్నవారు సంతకానికి ముందే డీలర్‌ని రెండు అడగాలి. ముందుభాగం కింది షీటు ఒక పక్క విప్పి చూపించమనాలి, తమ ట్రక్కుకి తగిలించి బ్రేకు పరీక్ష చేయనివ్వమనాలి. ఒప్పుకోకపోతే అదే స్థలంలో పక్కన ఇంకో బండి ఉంటుంది, పక్క వీధిలో ఇంకో డీలర్ ఉంటాడు.