బమ్మెర నుంచి గణపసముద్రం దాకా: ఒక సన్నబియ్యం కథ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయినాయి. అంతకుముందు ఈ మూడు ఊళ్ళూ వరంగల్లు జిల్లాలోనివే. తెలుగు చెప్పుకుని బతికేవారికి ఈ మూడు జిల్లాల్లోనూ చూడదగినవి ఎన్నో ఉన్నవి. పోతన పేరుతో బమ్మెర ఉన్నది, కాకతీయుల శాసనంతో బయ్యారం ఉన్నది, గుళ్ళతో గణపురం ఉన్నది. మొన్నటి దసరా సెలవుల్లో ఈ మూడూ చూసి రావాలని బయలుదేరాను. మా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన తానూ వస్తానన్నాడు. నేను రాళ్ళ మీది అక్షరాలు చదువుతుంటే ఆయన పొలంలో దిగి ఆకులు చదువుతూ ఉండేవాడు. చివరికి ఈ ప్రయాణంలో నా చదువు కంటె ఆయన చదువే ఎక్కువైంది. అది పాఠకుల కంచంలోని అన్నానికి సంబంధించిన సంగతి గనుక ఆ కథే చెబుతాను.

హైదరాబాదు నుంచి వచ్చేవారికి జనగామకు ముందే పెంబర్తి తగులుతుంది. ఇత్తడి రేకుల పనికి పేరుపడిన ఊరు. జనగామ దాటి లోపలికి పోతే పాలకుర్తి, ఆ పక్కనే బమ్మెర. పోతన జన్మస్థలం ఇదా, ఒంటిమిట్టా అన్న వివాదం పండితుల్లో ఉన్నదే. ఎవరేమన్నా బమ్మెరవారు మాత్రం ఆయన దున్నిన పొలమిదేనని చూపిస్తారు. నాగలి పట్టి బతికిన కవిగా జనం మనసులో నిలిచినవాడాయన. పాలకుర్తిలోనే మరో పొలం కథ ఉన్నది. 1940లలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న భూమిలోని పంటను కోసుకుపోవడానికి విసునూరు దేశముఖు మనుషులు వచ్చారు. సంఘంవారు అండగా నిలిచి ఆ వడ్లను ఐలమ్మ ఇంటికి చేర్చారు. పండించిన గింజ ఎవరిదన్న ప్రశ్న ఈ నేల మీద అంత గట్టిగా వినిపించింది. ఆ ప్రశ్నను జ్ఞాపకం ఉంచుకోమని పాఠకులను కోరుతున్నాను.

తొర్రూరు మీదుగా మహబూబాబాద్ చేరుకున్నాము. పాతవాళ్ళ నోట ఇప్పటికీ మానుకోటే. అక్కడినుంచి బయ్యారం పెద్ద చెరువు. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టిన చెరువిది. ఇక్కడి శాసనం కాకతీయుల వంశక్రమం చెబుతుంది కాబట్టి చరిత్రకారులకు ప్రాణం వంటిది. కట్ట మీద నిలబడి చూస్తే కింద ఆయకట్టంతా వరి. పొట్ట దశ దాటి కంకులు వేస్తున్నది. దూరానికి అంతా పచ్చగానే ఉన్నది గాని, ఒక మడిలో ఆకులు కొసనుంచి అంచుల వెంట అలలు అలలుగా పసుపెక్కి, గడ్డిలా ఎండి ఉన్నాయి.

మా మిత్రుడు ఆ మడి గట్టు మీద కూర్చున్నాడు. రైతు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి.

"ఏం వడ్లు పెద్దాయనా?" అని అడిగాను.

"బీపీటీ సారూ. మంచిగనే ఉండె. గాలివాన కొట్టినంక నాలుగొద్దులకే ఆకు తెల్లబడ్డది. మందు కొట్టినా ఆగలే."

"వేరే విత్తనం వేయకపోయారా?"

"ఇత్తనం మారిస్తె బువ్వ మారుతది సారూ. బువ్వ మారితె కొనెటోడు రాడు."

మా మిత్రుడు ఒక ఆకు కోసి, ముక్క చేసి, రైతు ఇచ్చిన గ్లాసెడు తేట నీళ్ళలో వేలాడదీశాడు. కాసేపటికి కోసిన అంచునుంచి పాలదారంలాంటిది సన్నగా నీళ్ళలోకి దిగింది. రైతు వంగి చూశాడు. ఆ దారమంతా బాక్టీరియాలే. దీనిపేరు బాక్టీరియా ఎండాకు తెగులు. 1884లోనే జపాను రైతులు గుర్తించిన జబ్బు. వాన చినుకులతో, గాలితో మడినుంచి మడికి పోతుంది. యూరియా ఎక్కువ చల్లితే మరింత విజృంభిస్తుంది. ఒకసారి సోకిన తరువాత దీన్ని నిలువరించే మందు దాదాపు లేదు. ఉంటే గింటే ఆ శక్తి విత్తనంలోనే ఉండాలి.

రైతు చెప్పిన చిక్కు చిన్నది కాదు. బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన రకం. సన్నని గింజ, మెత్తని అన్నం. బస్తీల్లో మనం ఏరి కొనుక్కునే సన్నబియ్యానికి ఇదే ప్రమాణమయింది. దానికున్న పెద్ద లోపం ఎండాకు తెగులు. తెగులును తట్టుకునే గుణం ఇంకో వరిలో ఉండవచ్చు. కాని రెంటినీ సంకరం చేస్తే సగం గుణాలు ఇటువి, సగం అటువి వస్తాయి. రోగం పోతుంది, దానితో రుచీ పోతుంది.

ఈ చిక్కుకు పరిష్కారం వెతికినది మన హైదరాబాదులోనే. 1977లో పుష్ప మిత్ర భార్గవ ప్రారంభించిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం హబ్సిగూడలో ఉన్నది. రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఉన్నది. ఇవి రెండూ చేయి కలిపాయి. అదెలాగో మా మిత్రుడు ఆ గట్టు మీదే కూర్చుని చెప్పాడు.

వరి కణంలో 12 జతల క్రోమోజోములు. వాటిలోని డి.ఎన్.ఏ. భాషకు నాలుగే అక్షరాలు. 56 అక్షరాల వర్ణమాల చెప్పేవాడికి ఇది పరమ పిసినారి భాషగా కనిపించింది! అయినా ఆ నాలుగింటితోనే వరి తన సర్వస్వాన్నీ సుమారు 39 కోట్ల అక్షరాల గ్రంథంగా రాసుకున్నది. దేశదేశాల శాస్త్రజ్ఞులు పంచుకుని చదివిన ఆ గ్రంథం 2005లో ప్రకటితమైంది. అందులో 11వ క్రోమోజోములో కొంత భాగం చదివినది భారతదేశమే.

తెగులును ఎదిరించే జన్యువులు మూడింటిని ఎన్నుకున్నారు. మొదటిది ఎక్స్‌ఏ 21. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో దొరికింది. ఇది కణం వాకిట కావలి మనిషి. బాక్టీరియా విడిచే చిన్న ప్రోటీను తునకను పసిగట్టి కణాన్నంతా మేలుకొలుపుతుంది. రెండవదైన ఎక్స్‌ఏ 13 కథ ఇంకా చిత్రమైనది. ఈ బాక్టీరియా తన ప్రోటీనునొకదాన్ని వరి కణంలోకి పంపుతుంది. అది కేంద్రకంలో దూరి, ఒక జన్యువు ముందున్న కొద్ది అక్షరాలను ఆనవాలు పట్టి అక్కడ కూర్చుంటుంది. ఆ జన్యువు పని మొదలుపెడితే కణంలోని చక్కెర బయటికి వస్తుంది, దొంగకు విందు. ఎక్స్‌ఏ 13 ఉన్న వరిలో ఆ ఆనవాలు అక్షరాలు మారి ఉంటాయి. దొంగ వస్తాడు గాని గడియ దొరకదు. మూడవదైన ఎక్స్‌ఏ 5, ఆ దొంగ కణంలోని యంత్రాన్ని చేత పట్టుకునేందుకు వీలు లేకుండా చేస్తుంది.

ఈ మూడూ ఉన్న వరితో సాంబ మసూరిని సంకరం చేశారు. వచ్చిన పిల్లలను మళ్ళీ సాంబ మసూరితోనే, ఇలా నాలుగు తరాలు వెనక్కి కలిపారు. ప్రతి తరంలోనూ మొక్క పసిదై ఉండగానే ఆకు చిదిమి డి.ఎన్.ఏ. చూసి, కావలసిన జన్యువులున్న వాటినే ఉంచుకున్నారు. పూర్వం రోగం సోకేదాకా ఆగి చూడవలసిన పని ఇది. చివరికి రుచిలో సాంబ మసూరి, ఓర్పులో అడవి వరి అయిన రకం 2008లో విడుదలైంది. దాని పేరు మెరుగైన సాంబ మసూరి. బయటి జన్యువును ప్రయోగశాలలో చొప్పించి చేసినది కాదు, సంకరంతో వచ్చినదే. దీని గ్లైసీమిక్ సూచిక సుమారు 51 అని తేలడం అదనపు లాభం. సాధారణ బియ్యం కంటె ఇది తక్కువ. మధుమేహంతో అన్నానికి భయపడే ఇళ్ళు ఈనాడు ఎన్ని లేవు!

నాకు బమ్మెర గుర్తుకొచ్చింది. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారంటారు. చెడిన చోట మాత్రమే చేయి పెట్టి, మిగిలినది పోతనగానే నిలపడం వారికి పరీక్ష. ఈ శాస్త్రజ్ఞుల పరీక్షా అటువంటిదే.

బయ్యారం నుంచి నర్సంపేట, ములుగు మీదుగా గణపురం పోయాము. ఇది భూపాలపల్లి జిల్లా. రోడ్డు మీద బొగ్గు లారీలు, చెల్పూరు విద్యుత్కేంద్రం పొగగొట్టాలు. వాటికి కాస్త ఇవతల కోటగుళ్ళు, గణపసముద్రం. విరిగిన స్తంభాల మధ్య నిలబడిన ఆ గుళ్ళను చూస్తే నోట మాట రాదు. చెరువు మాత్రం విరగలేదు. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా మడులకు నీళ్ళిస్తున్నది.

కాలువ చివరి మడుల దగ్గర మా మిత్రుడు రెండో కథ చెప్పాడు. సాంబ మసూరికి పంటకాలం 145 రోజులకు తక్కువ కాదు. తూము దగ్గరివాడికి చిక్కు లేదు. చివరి మడివాడికి ఆఖరి తడి అందుతుందో లేదో దేవుడెరుగు. 2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి కమల అనే కొత్త వరిని ప్రకటించారు. రాజేంద్రనగర్ సంస్థ సాంబ మసూరి నుంచే చేసిన రకమిది. జన్యు సవరణతో వచ్చిన వరిగా మన దేశంలో ప్రకటించిన మొదటి రెండింటిలో ఒకటి. పోయిన దశాబ్దంలో అణు జీవశాస్త్రానికి దొరికిన గొప్ప పనిముట్టు ఇందులో వాడారు. అది బాక్టీరియాలు వైరసుల నుంచి తమను కాపాడుకునేందుకు వాడే కత్తెర. దాన్ని కోరిన చోట డి.ఎన్.ఏ.ను కోసే సాధనంగా 2012లో మలచిన జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియే అనే ఇద్దరు స్త్రీలకు 2020లో నోబెల్ బహుమానం వచ్చింది.

కంకిలో గింజల సంఖ్యను పెంచే హార్మోను వరిలో ఉన్నది. దాన్ని విరిచివేసే ఎంజైము కూడా ఉన్నది. ఆ ఎంజైము తగ్గితే గింజలు పెరుగుతాయని 2005లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కమలలో ఆ ఎంజైము జన్యువును కత్తెరతో సవరించారు. పరీక్షల్లో దిగుబడి 19 శాతం పెరిగిందని, పంట 15 నుంచి 20 రోజులు ముందుగా వచ్చిందని సంస్థ లెక్క. ఆ రోజులే నిజమైతే చివరి మడివాడికి అది ఒక చెరువంత మేలు.

అయితే ఆక్షేపణలూ ఉన్నవి. బయటి జన్యువు మిగలని ఇటువంటి పంటలను 2022లో కేంద్ర ప్రభుత్వం కొన్ని కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. భద్రతా పరీక్షలు ఇంకా జరగాలని, లెక్కలు పూర్తిగా బయటపెట్టాలని విమర్శకులు అడిగారు. అడగవలసిన మాటే. ఆ కత్తెరపై పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయన్నది మరొక చిక్కు.

మా మాటలన్నీ గట్టు మీద గడ్డి కోస్తున్న ఒక అవ్వ వింటున్నది. కొడవలి ఆపి అడిగింది: "గా ఇత్తనం ఇంట్ల దాసుకొని మల్లేడు ఏసుకోవచ్చా బిడ్డా?"

కత్తెరలు, కేంద్రకాలు తెలియని మనిషి మా ఇద్దరికంటె సూటిగా అసలు సంగతి పట్టుకున్నది. మా మిత్రుడు ఆమెకు ఓపికగా చెప్పాడు. ఈ సాంబ మసూరి రకాలు హైబ్రిడ్లు కావు. దాచిన వడ్లు వేస్తే అదే వరి వస్తుంది. 2001 నాటి చట్టం కూడా విత్తనం దాచుకునే, మళ్ళీ విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కును రైతుకు ఇచ్చింది. కొత్త కత్తెరతో వచ్చే విత్తనాలన్నిటికీ ఆ హక్కు చెక్కుచెదరకుండా నిలిచేలా చూడడం ప్రభుత్వం పని, చదువుకున్న మన పని.

అవ్వ తల ఊపి, "అట్లయితె మంచిదే. మా ఊరికి ఎప్పుడొస్తదో అడుగుండ్రి" అని మళ్ళీ కొడవలి పట్టింది.