ఇంటి గోడా, ముంగిటి తెరా?



మా అనంతపురం మెట్ట పల్లెల్లో శనక్కాయ పంట చేతికొచ్చే ఏడు అరుదు. అలాంటి ఏడు ఒకటి వచ్చింది. అప్పులు తీర్చి, దశమభాగం తీసిపెట్టాక మిగిలిన డబ్బుతో లేజర్ ప్రొజెక్టర్ కొందామని పిల్లలు అడిగారు. కాదనలేకపోయాము. ఏ రకం కొనాలన్న దగ్గరే ఇల్లు రెండుగా చీలింది.

పెద్దవాడు అల్ట్రా షార్ట్ త్రో కావాలన్నాడు. గోడకు జానెడు, మూరెడు దూరంలో బల్ల మీద పెడితే 100 అంగుళాల బొమ్మ పడుతుంది. ఎవరు అటూ ఇటూ నడిచినా నీడ పడదు, నీళ్లకు లేచిన అవ్వ కళ్లలో వెలుగు కొట్టదు. లాంగ్ త్రో అయితే అంత బొమ్మకు సుమారు 10 అడుగులు వెనక్కి పెట్టాలి. నిజం చెప్పాలంటే, తలుపు వేసుకొని మేము మాత్రమే చూసుకోవాలన్న ఆశతో మేమూ మొదటిదానికే మొగ్గాము.

అయితే మాది మట్టి గోడల మిద్దె. గోడకు ఆనించి లాంతరు పెడితే ప్రతి గుంతా కనబడుతుంది గదా! కింద నుండి ఏటవాలుగా వెలుగు వేసే యంత్రంతోనూ అంతే, గోడ ఎగుడుదిగుడైతే బొమ్మ వంకర పోతుంది. బిగువైన ప్రత్యేక తెరకు మళ్లీ ఖర్చు. పైగా దాని అద్దం పైకి చూస్తుంది. మా గాలిదుమ్ము సంగతి మీకు తెలిసిందే.

అప్పుడు అవ్వ, “కరుణామయుడు సినిమా యాడ చూసినామో మతికుందా?” అనింది. మేము తల దించుకున్నాము. 1978లో వచ్చిన ఆ చిత్రాన్ని 16 ఎం.ఎం. యంత్రంతో పల్లెపల్లెకూ తెచ్చి చూపించారు. మా ఊళ్లో రెండు వెదురు బొంగులకు గుడ్డ కట్టారు. అన్ని వీధుల వారూ ఒకే నేల మీద కూర్చున్నారు. చోటు చాలక గుడ్డ వెనుక కూర్చున్నవారికి బొమ్మ కుడి ఎడమలు మారినా, కన్నీళ్లు మాత్రం అందరికీ ఒక్కటే.

లాంగ్ త్రో కొన్నాము. అవ్వ కళ్లకు తగలకుండా వెనుక గోడకు ఎత్తున పలక బిగించాము. పగటిపూట బొమ్మ వెలవెలబోతుంది, పెద్దవాడు వారం రోజులు అలిగాడు. కాని శనివారం సాయంత్రం దాన్ని ముంగిట్లోకి తెచ్చి దుప్పటి కడతాము. నేరుగా వచ్చే వెలుగు గనుక గుడ్డ కాస్త ఊగినా బొమ్మ అంతగా చెదరదు. ఇరుగుపొరుగు చాపలు తెచ్చుకుంటారు.

దీపాన్ని కుంచము కింద పెట్టవద్దన్న ప్రభువు బోధ మనకు కొత్త కాదు. మీ ఇంటి దీపం ఎంత దూరం వెలుగుతోంది?