మూడు కిలోహెర్ట్జుల దూరం

మా నాన్నగారికి సంగీతం మీద ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. కారులో ఆయనకు కావలసినదల్లా విజయవాడ ఆకాశవాణి ఒక్కటే. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. ఆయన పుట్టినది అంతకు ఏడాది ముందు. "అది పుట్టినప్పటినుంచీ ఎరుగుదునురా" అంటూ ఉంటారు. అమ్మ పోయిన తరువాత, తెల్లవారగానే కారు తీసుకుని కృష్ణ ఒడ్డుకు నడకకు వెళ్లడం ఆయనకు అలవాటయింది. ఆ పావుగంట దారిలో రేడియో మాట్లాడుతూ ఉండవలసిందే.

2012 వేసవిలో ఆ రేడియోకు జబ్బు చేసింది. ఎండ ముదిరితే మూగబోయేది. బండి గతుకులో పడితే తిరిగి పలికేది. లోపల ఎక్కడో టంకం విడిందని దాని అర్థం. అంతలో బ్యాటరీ మార్చారు. కరెంటు తెగగానే పెట్టె తాళం వేసుకుని, నాలుగంకెల రహస్యసంఖ్య చెప్పమంది. సంఖ్య రాసిన పుస్తకం ఇంట్లో దొరకలేదు. కంపెనీవారి వర్క్‌షాపులో మొత్తం మార్చాలన్నారు, ఖర్చు ఇరవై వేల పైమాటే అన్నారు. "నేను అమెరికా నుంచి తెస్తాను లెండి" అన్నాను ఫోనులో. దూరాన ఉన్న కొడుకులకు వస్తువులు కొనడమంత సులభమైన పని మరొకటి లేదు.

2013 సంక్రాంతికి వెళ్లి, ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ కుర్రవాడి చేత పాతది తీయించాను. డ్యాష్‌బోర్డులోని కంత వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 100; డబుల్ డిన్ అనే ఆ కొలతకే కొత్తదీ తయారయింది. అతడు ముందుగా ఒక టార్చి సెల్లును స్పీకరు తీగలకు క్షణకాలం తాకించాడు. టప్పుమన్నది. "స్పీకర్లు బాగానే ఉన్నాయండీ, రోగం పెట్టెదే" అన్నాడు. తరువాత తీగలు కలిపాడు. పసుపు తీగలో నిత్యం పన్నెండు వోల్టులుంటాయి. గడియారమూ, దాచుకున్న స్టేషన్లూ బ్రతికేది దాని దయ మీదనే. ఎరుపు తీగ తాళం తిప్పితేనే మేలుకుంటుంది. నలుపు ఎర్తు. పసుపూ ఎరుపూ తారుమారయితే తాళం తీసిన ప్రతిసారీ పెట్టె అన్నీ మరచిపోతుంది.

పాటలు మ్రోగాయి. ఫోను కలిసింది. రంగుల దీపాలు వెలిగాయి. నాన్నగారు అన్నీ ఓపికగా చూసి, "ఇంతకీ విజయవాడ ఏదిరా?" అన్నారు.

మీట నొక్కుతుంటే అంకె 830 నుంచి 840కి దూకుతోంది. ఆ కేంద్రం ఉన్నది 837 మీద! 840 దగ్గర మాట వినబడుతోంది గాని, కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంది. "పోనీలేరా, ఇదీ బాగానే ఉంది" అన్నారాయన. ఆ మాట నన్ను బాధించినంతగా ఏ మందలింపూ బాధించి ఉండదు.

నిద్రపట్టని ఆ రాత్రి కారులో కూర్చుని, పెట్టెతో వచ్చిన పుస్తకం చదివాను. అమెరికా ఖండాలలో మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జులు. 1975 జెనీవా ఒడంబడిక ప్రకారం మన దేశమున్న ప్రాంతంలో అది 9. తొంభైమూడు తొమ్మిదులు 837. హైదరాబాదు కేంద్రపు 738 కూడా ఎనభైరెండు తొమ్మిదులే. పదుల లెక్కన నడిచే యంత్రానికి ఈ రెండు ఊళ్లూ లేనట్టే. నేను తెచ్చినది నా ఊరి లెక్క నేర్చిన పెట్టె. నాన్నగారి ఊరు ఏదని అది అడగలేదు; కొనేటప్పుడు నేనూ అడగలేదు.

మార్చే వీలు అందులోనే ఉంది. పెట్టె ఆపి, ఒక మీటను కొంతసేపు నొక్కిపట్టి, పదిని తొమ్మిది చేశాను. మొదటి గుర్తు మీద 837 దాచాను. ఆ వేళకు కేంద్రం నిద్రపోతోంది, హోరు తప్ప మరేమీ లేదు. సరిచూసుకోవాలంటే తెల్లవారాలి. అక్కడే కూర్చున్నాను.

చీకటి ఉండగానే ఆకాశవాణి ప్రారంభ సంగీతం వినవచ్చింది, ఏ జీరా లేకుండా. ధ్వని పెంచాను. కాసేపటికి నాన్నగారు కండువా కప్పుకుని గుమ్మంలోకి వచ్చారు.

"తగ్గించరా, పక్కింటివాళ్లు లేస్తారు" అంటూనే వచ్చి పక్క సీటులో కూర్చున్నారు. ఆ ఉదయం బండి నేను నడిపాను. దారిలో మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పాత పెట్టెను తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టారాయన, ఎప్పుడైనా పనికివస్తుందని.