షీలర్ చిత్రాల్లో షేకర్ సామాను

చార్లెస్ షీలర్ (1883–1965) వేసిన చిత్రాలలో నాకు ఎక్కువ ఇష్టమైనవి ఆయన ఇంటి గదులు. 1931 నాటి ‘అమెరికానా’లో పొడవాటి బల్ల, బెంచీలు, నేలమీద చారల తివాసీలు అన్నీ ఎత్తునుంచి చూచినట్లు వుంటాయి. ఆయన సేకరించి ఇంట్లో వాడుకొన్న సామానులో షేకర్లు చేసినవి చాలా వున్నాయి. వాటికి నగిషీ లేదు. లతలూ, సింహం పాదాలూ లేవు. కర్ర ఎంత అవసరమో అంతే వున్నది.

దీన్ని ‘అభిరుచి’ అనేసి ఊరుకొనే విమర్శకులున్నారు. నాకది చాలదు. షేకర్లు 1774లో ఇంగ్లండునుంచి అమెరికా చేరిన చిన్న మతశాఖ. వాళ్ళకు ఆస్తి ఉమ్మడి, అందరూ బ్రహ్మచారులు, పెత్తనంలో ఆడవాళ్ళకూ భాగం వున్నది. ఉమ్మడి ఆస్తి ఆచరణసాధ్యమే అనటానికి ఎంగెల్స్ 1845లో వీళ్ళను ఉదాహరణగా చూపాడు. (వాళ్ళ మతవిశ్వాసాలను మాత్రం వింతలకింద జమకట్టాడనుకోండి.) పనే ప్రార్థన అనుకొన్నవాళ్ళు గనక, ఏ గొప్పవాడో మెచ్చుకోవాలని బల్లకాలు చెక్కలేదు. గది ఊడ్చేటప్పుడు కుర్చీని గోడమేకుకు తగిలించాలి. అందుకు అది తేలికగా వుండాలి. ఆ సన్నని కాళ్ళ అందం చీపురుకట్ట నేర్పిన అందం!

అలాగని వాళ్ళను పూజించనక్కరలేదు. మౌంట్ లెబనాన్ షేకర్లు కేటలాగులు అచ్చువేసి మరీ బయటివాళ్ళకు కుర్చీలమ్మారు.

నన్ను వేధించేది మరొకటి. షీలర్ గదుల్లో మనుషులు లేరు. 1927లో ఫోర్డు కంపెనీకోసం రివర్ రూజ్ కర్మాగారాన్ని ఫొటోలు తీసినవాడూ ఈయనే. దాన్నే తరువాత రంగుల్లో వేశాడు. ‘అమెరికన్ లాండ్‌స్కేప్’ (1930)లో వెదికితే పట్టాలమీద చీమంత మనిషి ఒకడు కనిపిస్తాడు. ‘క్లాసిక్ లాండ్‌స్కేప్’ (1931)లో వాడూ లేడు. 1932 మార్చి 7న నిరుద్యోగులు ఆకలియాత్రగా ఆ కర్మాగారానికి వస్తే పోలీసులూ, కంపెనీ కాపలాదార్లూ కాల్చారు. ఐదుగురి ప్రాణాలు పోయాయి. ఖాళీ కుర్చీలో చేసినవాడి చెయ్యి ఇంకా తెలుస్తూనే వున్నది. ఖాళీ కర్మాగారంలో మిగిలింది యజమాని ఒక్కడే.

షీలర్ ‘హోమ్, స్వీట్ హోమ్’ (1931) డిట్రాయిట్ కళామ్యూజియంలో వున్నది. ఆ భవనం గోడలమీదనే డియెగో రివేరా 1932–33లో అదే కర్మాగారాన్ని కార్మికులతో కిక్కిరిసేటట్లు చిత్రించాడు. అక్కడికి వెళ్ళే విద్యార్థి ముందు రివేరా గోడలు చూచి, ఆ తరువాత షీలర్ గదిలోకి రావాలని నా కోరిక. అప్పుడా కుర్చీని ఎవరు చేశారని అడగాలనిపిస్తుంది.